బిగువు తక్కువ చక్రాలు

తక్కువ ధరలో మౌంటెన్ బైక్ కొని కొన్ని నెలలు గట్టిగా తొక్కినవాళ్లని చక్రాల గురించి అడిగి చూడండి. ఏ ఊరివాళ్లయినా, ఏ దేశంవాళ్లయినా చెప్పేది ఇంచుమించు ఒకటే. వెనక చక్రం ఔట్ అయి పక్కలకు ఊగుతోంది, పుల్లలు వదులయ్యాయి, ఒక పుల్ల టక్కున తెగింది, దాన్ని మార్పించిన కొద్దిరోజులకే ఇంకొకటి తెగింది, చివరికి ఇరుసు వంగింది. వీటి వెనకే తీర్పు కూడా వచ్చేస్తుంది: చవక సరుకు, ఇంతకన్నా ఏం ఉంటుందిలే అని. ఈ తీర్పులో సగమే నిజం ఉందని నేను వాదించదలుచుకున్నాను. చవక చక్రాన్ని తొందరగా పాడుచేసేది చాలాసార్లు దానికి చేయవలసిన చేతిపనిని ఎవరూ చేయకుండా వదిలేయడమే. పుల్లలు చాలినంత బిగువుగా లేకపోవడం, ఉన్న బిగువైనా అన్నిటికీ సమానంగా లేకపోవడం అసలు జబ్బు. లోహానిది తరవాతి స్థానం. తెలిసి ఏం లాభమంటారా? లోహం మార్చాలంటే వేల రూపాయలు కావాలి. బిగువు సరిచేయాలంటే చేయి తిరిగిన మెకానిక్కు, అతనికి ఒక గంట తీరిక ఉంటే చాలు.

మౌంటెన్ బైక్ పుట్టిన చోటే ఈ పాఠం మొదలైంది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీలో, కొందరు యువకులు దశాబ్దాల నాటి బరువైన ష్విన్ సైకిళ్లను కొండ మట్టిదారుల మీద కిందికి పరిగెత్తించేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ తొలి పోటీ జరిగింది. దాదాపు రెండు మైళ్ల దారిలో 1300 అడుగులు దిగాలి. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక హబ్ లోపలే ఉండేది. కిందికి చేరేసరికి హబ్ కాలిపోయేంత వేడెక్కి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్లీ పైకి వెళ్లే ముందు హబ్ విప్పి, కొత్త గ్రీజు కూరి, బిగించుకోవాలి. అందుకే ఆ దారికి 'రీప్యాక్', అంటే మళ్లీ కూరడం, అనే పేరే స్థిరపడింది. ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశాడు. 1981లో స్టంప్‌జంపర్ అనే సైకిల్ వచ్చి మౌంటెన్ బైక్ మామూలు దుకాణానికి చేరింది. తేలికైన, గట్టి రిమ్ములు దొరకని ఆ రోజుల్లో కీత్ బాంట్రేగర్ రోడ్డు సైకిళ్ల కోసం మావిక్ కంపెనీ చేసిన రిమ్ములను కోసి, చిన్న చుట్టుగా మళ్లీ అతికి, కొండ సైకిళ్లకు వేశాడు. వీళ్ల చక్రాలను నిలబెట్టింది చేయి. విప్పి చూడటం, సరిచేయడం, మళ్లీ బిగించడం వాళ్లకు సవారీలో భాగమే. ఇవాళ మనం చవక మౌంటెన్ బైక్ కొన్నప్పుడు ఆ టైర్లు, ఆ రూపం మన ఇంటికి వస్తున్నాయి, ఆ అలవాటు మాత్రం రావడం లేదు.

చక్రం ఎలా బరువు మోస్తుందో కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే వాదన అంతా దీని మీదే నిలబడింది. సైకిల్ చక్రంలో పుల్ల రెండు మిల్లీమీటర్ల తీగ. దాన్ని నిలువుగా నొక్కితే వంగిపోతుంది, లాగితే మాత్రం గొప్ప బలం చూపిస్తుంది. అందుకని చక్రం కట్టేటప్పుడే ప్రతి పుల్లనీ రిమ్ము దగ్గర దాని కొసన ఉండే నిపుల్ అనే చిన్న నట్టు తిప్పి లాగి పెడతారు. మంచి వెనక చక్రంలో గొలుసు వైపు పుల్ల ఒక్కొక్కటి 100 నుంచి 120 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుతో ఉంటుంది. 32 పుల్లల చక్రంలో అన్నీ కలిపితే రెండు టన్నులు దాటిపోతుంది. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు నేలకు తాకే చోట రిమ్ము కొంచెం అణుగుతుంది. సరిగ్గా అక్కడ, అట్టడుగున ఉన్న మూడు నాలుగు పుల్లల బిగువు కొంత తగ్గుతుంది. మిగతా పుల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. అమెరికా ఇంజనీరు జాబ్స్ట్ బ్రాంట్ 1981లో 'ది బైసికిల్ వీల్' అనే పుస్తకంలో దీన్ని లెక్కకట్టి వివరించాడు. అంటే చక్రం తిరుగుతున్నప్పుడు ప్రతి పుల్లా చుట్టుకొకసారి కిందికొచ్చి కొంచెం సడలి, పైకి వెళ్తూ మళ్లీ బిగుస్తుంది. 29 అంగుళాల చక్రం చుట్టుకొలత టైరుతో కలిపి సుమారు 2.3 మీటర్లు. వెయ్యి కిలోమీటర్లు తొక్కితే ఒక్కో పుల్ల నాలుగు లక్షలసార్లకు పైగా సడలి బిగుస్తుందన్నమాట. 26 అంగుళాల చక్రమైతే ఇంకా ఎక్కువసార్లు.

ఇప్పుడు 100 కిలోల బిగువున్న పుల్లని, 25 కిలోల బిగువున్న పుల్లని పక్కపక్కన పెట్టి ఆలోచించండి. రాయి మీదకో గుంతలోకో దిగినప్పుడు అడుగున పుల్లకు 30 కిలోల సడలింపు వచ్చిందనుకుందాం. మొదటి పుల్లకు ఇంకా 70 కిలోలు మిగిలే ఉన్నాయి, అది తన చోటు నుంచి కదలదు. రెండోది పూర్తిగా వదిలిపోతుంది. వదిలిన ఆ క్షణంలో రెండు నష్టాలు జరుగుతాయి. ఒకటి, నిపుల్‌ను కదలకుండా పట్టి ఉంచిన ఒత్తిడి పోయి, అది అదురుకు తనంతట తనే కొంచెం వెనక్కి తిరుగుతుంది. అలా పుల్ల మరింత వదులవుతుంది. రెండోది, హబ్ రంధ్రంలో కూర్చున్న పుల్ల మెడ దగ్గరి వంపు అటూ ఇటూ ఆడుతుంది. లక్షలసార్లు ఆడి ఆడి అక్కడ లోహం డస్సిపోయి కంటికి కనబడని పగులు పుడుతుంది. ఒకరోజు చదునైన రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుండగా పుల్ల తెగుతుంది. తొక్కేవాళ్లను విస్మయపరిచేది ఇదే. పెద్ద దెబ్బేదీ తగల్లేదే, ఊరికే తెగిందే అంటారు. ఊరికే తెగలేదు, ఆ తెగడం మొదటి వారం నుంచే మొదలైంది. అందుకే పుల్ల తెగితే బిగువు ఎక్కువై తెగిందనుకుని మిగతావాటిని ఇంకా వదులు చేయించడం రోగానికి విరుద్ధమైన వైద్యం.

మరి కొత్త చక్రం చూడటానికి తిన్నగానే ఉంటుంది కదా అని అడగొచ్చు. ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. తిన్నగా ఉండటం వేరు, బిగువుగా ఉండటం వేరు. ఒక పుల్ల అతిగా వదులై, దాని పక్కది అతిగా బిగిసి, రెండూ కలిసి రిమ్మును తిన్నగానే నిలిపి ఉంచగలవు. చవక చక్రాలను యంత్రం కడుతుంది. రిమ్ము పక్కలకు ఊగడం నిర్ణీత హద్దులోకి రాగానే యంత్రం పని ముగుస్తుంది. ఖరీదైన చక్రాన్ని చాలాచోట్ల ఆ తరవాత మనిషి చేతిలోకి తీసుకుంటాడు. బిగువు సమానం చేస్తాడు, పుల్లల్ని జంటలుగా పట్టి గట్టిగా పిండుతాడు, మళ్లీ సరిచూస్తాడు. ఆ పిండటం వల్ల మెడ వంపులో తయారీనాడే చిక్కుకుపోయిన ఒత్తిడి తగ్గి పుల్ల ఆయుష్షు పెరుగుతుందని బ్రాంట్ వివరించాడు. చవక చక్రానికి ఈ ఉపచారాలేవీ అందవు. అంతేకాదు, నిపుల్ తిప్పినప్పుడు పుల్ల కూడా దానితోపాటు కొంచెం మెలి తిరుగుతుంది. ఆ మెలిక విప్పకుండా వదిలేస్తే, మొదటిసారి ఎక్కి తొక్కగానే పుల్లలు టింగ్ టింగ్‌మని మోగుతూ తమంతట తామే విప్పుకుంటాయి. కొత్త సైకిల్ తొలిరోజు చేసే ఆ చప్పుడు చాలామంది విన్నదే. విన్నవాళ్లు అది చక్రం బిగువు మారుతున్న చప్పుడని గ్రహిస్తే మంచిది.

బిగువు కంటికి కనిపించకపోయినా చెవికి దొరుకుతుంది. చక్రాన్ని గాలిలోకి లేపి, ఒకే వైపు పుల్లలను, కుడివైపువి కుడివైపుగా, ఎడమవైపువి ఎడమవైపుగా, రిమ్ముకు దగ్గరగా వేలితో మీటుతూ వెళ్లండి. వీణ తీగలాగే పుల్ల కూడా బిగువును బట్టి స్వరం పలుకుతుంది. తీగ పొడవు, లావు ఒకటే అయినప్పుడు బిగువు నాలుగో వంతుకు పడిపోతే స్వరం పై షడ్జం నుంచి కింది షడ్జానికి, అంటే ఒక స్థాయి మొత్తం దిగుతుంది. బిగువు సగమైతే పై షడ్జం నుంచి ప్రతి మధ్యమం దగ్గరికి జారుతుంది. సంగీతం రానివాళ్లకు కూడా ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. మంచి చక్రంలో ఒక వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలుకుతాయి. చవక చక్రంలో ఒకటి ఖంగున మోగుతుంది, పక్కది డప్‌మని చచ్చిన ధ్వని చేస్తుంది. వెనక చక్రంలో గొలుసు వైపు పుల్లలు ఎక్కువ బిగువుగా, రెండో వైపువి దానిలో సుమారు 60 శాతం బిగువుతో ఉండటం సహజం. గేర్ల పళ్లచక్రాలకు చోటిచ్చేందుకు హబ్ కుడి అంచును లోపలికి జరపవలసి వస్తుంది. అందువల్ల వచ్చే తేడా అది. కాబట్టి రెండు వైపులను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. చవక చక్రాల్లో ముందుగా వదిలిపోయేవి ఈ ఎడమవైపు పుల్లలే, ఎందుకంటే అసలే తక్కువ బిగువున్న వైపు ఇంకా తక్కువ బిగువుతో ఫ్యాక్టరీ నుంచి బయటికి వస్తుంది.

నా వాదనకు మన ఊళ్లలో గట్టిగా వినిపించే అభ్యంతరం ఒకటుంది. పాత కాలపు నల్ల సైకిళ్లు వడ్లబస్తాలు, పాలక్యాన్లు, ఇంటిల్లిపాదినీ మోశాయి, వాటికి ఎవరు బిగువులు చూశారు అంటారు. ఆ చక్రాల నిర్మాణం చూస్తే జవాబు దొరుకుతుంది. ఇంగ్లీషు రోడ్‌స్టర్ పద్ధతిలో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. బరువు 40 పుల్లలు పంచుకుంటే ఒక్కోదాని వంతు తగ్గుతుంది. వెనక ఒకటే పళ్లచక్రం కనుక రెండు వైపుల బిగువులకూ పెద్ద తేడా ఉండదు. డిస్క్ బ్రేకు లేదు కనుక బ్రేకు వేసినప్పుడు హబ్ నుంచి పుల్లల మీదుగా రిమ్ముకు వెళ్లే మెలితిప్పు భారమూ లేదు. అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి. ఆ సైకిళ్లు విడిభాగాలుగా షాపుకు వచ్చేవి, ఫిట్టర్ కూర్చుని పుల్లలు అల్లి, ఔట్ తీసి, చక్రం చేసి ఇచ్చేవాడు. తొక్కేవాడు అదే షాపుకు మళ్లీ మళ్లీ వెళ్లేవాడు. అంటే చేతిపని జరిగింది, దాని కూలి సైకిల్ ధరలోనో ఓవర్‌హాలింగ్ ఖర్చులోనో కలిసిపోయింది. ఇవాళ చక్రం పెట్టెలోంచి కట్టి వస్తుంది. షాపులో హ్యాండిల్ తిప్పి, చక్రాలు బిగించి, గాలి కొట్టి ఇచ్చేస్తారు. నల్ల సైకిల్ ఉదాహరణ నా వాదనకు ఎదురు నిలవదు, దాన్ని బలపరుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఎంత బిగించినా పనికిరాని లోహం పనికిరాదు కదా అంటారు. ఒప్పుకోవలసిందే. అతి చవక సైకిళ్లలో రిమ్ము ఒకే గోడతో ఉంటుంది. లోపల పెట్టెలాంటి బోలు ఉండదు కనుక దెబ్బకు త్వరగా సొట్ట పడుతుంది, ఎక్కువ బిగువును కూడా భరించలేదు. రెండు గోడల అల్యూమినియం రిమ్ము దీనికంటే ఎన్నో రెట్లు నమ్మకమైనది, ఇప్పుడు మధ్యరకం ధరల్లోనే దొరుకుతోంది. ఇరుసు సంగతీ అంతే. గేర్లు మర ద్వారా హబ్ మీదికి ఎక్కే ఫ్రీవీల్ రకం హబ్‌లో కుడివైపు బేరింగు ఫ్రీవీల్‌కు లోపలివైపు ఉండిపోతుంది. బయటికి పొడుచుకొచ్చిన ఇరుసుకు ఆనుడు ఉండదు. ఆరేడు గేర్ల ఫ్రీవీల్ పెట్టి గుంతల్లో దూకిస్తే ఆ ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్ పద్ధతిలో బేరింగును బయటి అంచుకు జరిపారు కనుక ఆ బాధ తగ్గింది. ఇరుసు వంగడమనేది నిర్మాణంలో ఉన్న లోపం, పుల్లలు బిగించి దాన్ని నయం చేయలేం. అలాగే నిపుల్ రంధ్రాల చుట్టూ చీలికలు కనిపిస్తున్న రిమ్మును, బ్రేకు కట్టెలు రాసి రాసి గోడ పలచబడిన రిమ్మును బాగుచేయించడం ప్రాణానికే ప్రమాదం. వరసగా మూడు నాలుగు పుల్లలు తెగాయంటే మిగతావి కూడా డస్సిపోయాయని అర్థం. ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోయేకన్నా రిమ్ము, హబ్ బాగుంటే మొత్తం పుల్లలు కొత్తవి వేయించడం మేలు. అప్పుడు నడుమ సన్నబడి 1.8 మిల్లీమీటర్లు, కొసల్లో 2 మిల్లీమీటర్లు ఉండే రకం దొరికితే ఇంకా మంచిది. నడుమ భాగం కొంచెం ఎక్కువ సాగుతుంది కనుక రిమ్ము అణిగినప్పుడు పుల్ల అంత త్వరగా వదిలిపోదు.

మరికొందరు వేరే దారి చెబుతారు. ఈ పాత చక్రాల మీద కూలి దండగ, తేలికైన కొత్త చక్రాల జత కొంటే సైకిలే మారిపోతుంది అంటారు. చక్రం అంచున తగ్గే బరువుకు రెట్టింపు ఫలితం ఉంటుందనే మాట చాలా ప్రచారంలో ఉంది. వేగం పుంజుకునేటప్పుడు అది నిజమే, కానీ ఎంత నిజమో లెక్క వేయాలి. రెండు రిమ్ములు కలిపి 400 గ్రాములు తగ్గాయనుకోండి. రెట్టింపు చేస్తే 800 గ్రాములు. మనిషి, సైకిల్ కలిసి 85 కిలోలనుకుంటే అది ఒక్క శాతం కూడా కాదు. ఒకే వేగంతో సాగుతున్నప్పుడు ఆ రెట్టింపు కూడా ఉండదు. పోటీల్లో పాల్గొనేవారికి ఆ ఒక్క శాతం విలువైనదే కావచ్చు. వారాంతంలో ఊరి చివర గుట్టలెక్కే కుర్రవాడికి తెగని పుల్ల అంతకంటే విలువైనది. పైగా కొత్త చక్రాలు కూడా తక్కువ ధరవే అయితే అవీ యంత్రం కట్టినవే కావచ్చు, అదే బిగువు లోటుతో రావచ్చు. బిగువు చూపించకుండా చక్రాలు మార్చడం డబ్బు రెండుసార్లు పోగొట్టుకునే పద్ధతి.

ఇక తొక్కేవాళ్ల అనుభవాలను ఎలా చదవాలన్నది నాకు ముఖ్యమనిపిస్తుంది. ఫలానా చక్రం భేషుగ్గా ఉందని ఒకరు, ఫలానా చక్రం నెలకే పోయిందని ఒకరు చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఒకరి బరువు 55 కిలోలు, ఇంకొకరిది 95. ఒకరు గుంత వస్తే సీటు మీంచి లేచి మోకాళ్లు వంచి దిగుతారు, ఇంకొకరు బస్తాలా కూర్చునే ఉంటారు. ఒకరు కొండ టైరులో 30 పి.ఎస్.ఐ. దగ్గర ఆపుతారు, ఇంకొకరు రాయిలా గట్టిపడేదాకా కొట్టిస్తారు. అలా కొట్టించినప్పుడు టైరు మింగవలసిన అదురంతా రిమ్ము మీద, పుల్లల మీద పడుతుంది. మరీ తక్కువ గాలితో తొక్కితే రిమ్ము నేరుగా రాయిని కొట్టుకుని సొట్టపోతుంది. అదీకాక, చక్రం విరిగినవాళ్లు మాట్లాడతారు, విరగనివాళ్లకు చెప్పడానికి ఏమీ ఉండదు. కాబట్టి ఎంతమంది తిట్టారని లెక్కపెట్టడం కన్నా ఏ చోట విరిగిందో గమనించడం మేలు. వెనక చక్రపు పుల్ల మెడ దగ్గర తెగడం, ఎడమవైపు నిపుళ్లు వదలడం, తొలి వారాల్లోనే ఔట్ కావడం పదే పదే వినిపిస్తున్నాయంటే అది బిగువు లోటు చేసే పనే. రిమ్ము నిలువునా పగలడం, హబ్ అంచు ఊడిరావడం వినిపిస్తే అది లోహపు లోపం, ఆ చక్రానికి దూరంగా ఉండాలి. కొండ సైకిల్ రూపం ఉన్న ప్రతిదీ కొండ కోసం చేసింది కాదని కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో వాడే ఎ.ఎస్.టి.ఎం. ప్రమాణం సైకిళ్లను తరగతులుగా విడదీసి, రెండో తరగతికి 15 సెంటీమీటర్లు, మూడో తరగతికి 61 సెంటీమీటర్లు మించి దూకరాదని చెబుతుంది. చూడటానికి మౌంటెన్ బైక్‌లా ఉండి, సైకిల్‌తో వచ్చే పుస్తకంలో మాత్రం రెండో తరగతి అని రాసి ఉండే సైకిళ్లు ఉన్నాయి. ఆ పుస్తకం కొన్నరోజే తెరిచి చూడాలి.

ఈ భారమంతా కొనేవాడి మీదే వేయడం న్యాయమా అని అడిగితే, కాదనే నా జవాబు. చక్రం కట్టడం పూర్తిచేసి అమ్మే బాధ్యత తయారీదారుది. 2022లో అమెరికాలోని సైకిల్ మెకానిక్కులు ఒక బహిరంగ విజ్ఞాపన మీద సంతకాలు చేసి, విరిగిపోవడానికే పుట్టినట్టున్న సైకిళ్లు అమ్మడం ఆపండి, కనీసం 500 గంటలు తొక్కినా నిలిచేలా చేయండి, బాగుచేయడానికి వీలైన భాగాలు వాడండి అని తయారీదారులను, పెద్ద దుకాణాలను కోరారు. వారానికి అయిదు గంటలు తొక్కేవారికి 500 గంటలంటే రెండేళ్లు. అంతకుమించి అడగలేదు వాళ్లు. ఆ కోరిక మన దగ్గరా వినిపించాలి. సంవత్సరానికి లక్షల సైకిళ్లు తయారుచేసే దేశంలో, పెట్టెలోంచి తీసిన చక్రం బిగువును ఒకసారి చూసి ఇవ్వడం ప్రతి షాపుకూ నియమం కావడం అసాధ్యమేమీ కాదు. అలా జరిగేదాకా మాత్రం కొనేవాడు తన చక్రాన్ని తానే కాపాడుకోవాలి. సైకిల్ కొనేటప్పుడు రిమ్ము రెండు గోడలదా, వెనక హబ్ ఫ్రీవీల్ రకమా, క్యాసెట్ అని కూడా అనే ఫ్రీహబ్ రకమా అని అడగండి. పుల్లలు మీటి చూడండి. డబ్బు కట్టే ముందే చక్రాలకు బిగువు చూసి ఇమ్మనండి, దానికి కూలి విడిగా అడిగినా ఇవ్వండి. నూరు నూటయాభై కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి షాపుకు తీసుకెళ్లి ఔట్ తీయించడంతో పాటు బిగువు సమానం చేయించండి, హబ్‌లో బేరింగును పట్టి ఉంచే కోన్లు మరీ బిగిశాయా, గ్రీజు ఉందా చూపించండి. మీ ఊళ్లో ఈ పని తెలిసిన మెకానిక్ ఉంటే అతని గంట శ్రమకు బేరమాడకండి.